గుండ్రటి చిల్లులు

చిల్లుకు ఒక అతుకు. మూడు వందల మీటర్ల రేంజ్ చివర, టార్గెట్ అట్టల కింద తవ్విన గోతిలో ఆ లెక్క ఎప్పుడూ మారలేదు. పేలుడు వినపడగానే గొలుసు లాగి అట్టను కిందికి దించుతారు. స్కోరు రాసుకుంటారు. చొక్కా గుండీ అంత నల్లకాగితం ముక్కకు జిగురు రాసి చిల్లు మీద అంటించి, అట్టను మళ్లీ పైకి పంపుతారు. ఆ పని చేసే ముసలాయన్ని అందరూ అతుకుల తాత అంటారు.

సెలక్షన్ పోటీ ముగిసిన అరగంటకు మేస్త్రి ఆ గోతిలోకి దిగాడు. క్లబ్బు తుపాకుల స్టోరు అతని చేతిలో ఉంది. రైఫిళ్లు విప్పడం, బిగించడం, ఒక్కో రైఫిల్‌కు సరిపోయే తూటాలు తయారు చేయడం అతని పని. పోటీల రోజున స్టోరు కిటికీ వదిలి రాకూడదు. నాలుగో నంబరు గొలుసు పళ్లచక్రం మీంచి జారిందని కబురొస్తే పటకారు తీసుకుని వచ్చాడు. మెట్ల మీద మంచు ఇంకా కరగలేదు.

“రా మేస్త్రీ. నువ్వు గోతిలోకి దిగావంటే ఇవాళ పొద్దు ఎటు పొడిచిందో.”

“గొలుసు తెగిందా, జారిందా?”

“జారింది. పళ్లు అరిగిపోయాయి పాపం, నాలాగే.”

మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని చక్రానికి పట్టిన పాత గ్రీజు గీకాడు. తాత పక్కన స్టూలు మీద కూర్చుని, దించిన అట్టకు అతుకులు వేస్తున్నాడు. ఒక చిల్లు మీద ఒక అతుకు వేశాడు. దాని పక్కనే, సగం దాని మీద సగం బయట, ఇంకొకటి వేశాడు. తర్వాతి చిల్లుకూ అంతే.

“అదేంటి తాతా, రెండేసి వేస్తున్నావు? కాగితాలు ఎక్కువయ్యాయా?”

“మీ చెల్లెలి అట్ట కదయ్యా ఇది. చలికాలం వస్తే ఈ పిల్లకి రెండేసి పడతాయి. వేసవిలో ఒకటి చాలు. అందరికీ చలికి పెదాలు పగులుతాయి, ఈ పిల్లకి చిల్లులు పగులుతాయి.” తాత తన మాటకు తానే నవ్వుకున్నాడు.

మేస్త్రి పటకారు కింద పెట్టాడు.

“ఎప్పట్నించి?”

“పోయిన చలికాలం. ఈ చలికాలం.”

“ఎవరికైనా చెప్పావా?”

“ఎవరడిగారు? స్కోరు రాసేవాడు చిల్లు ఏ గీత మీద ఉందో చూస్తాడు, దాని ఆకారం చూడడు. నేను ఆకారమే చూస్తాను, నాకు స్కోరుతో పనిలేదు.”

గొలుసు జారాక పడిన చిల్లుల్లో అతుకు వేయనివి ఇంకా ఆరున్నాయి. మేస్త్రి ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. ఒకటి గింజలా కోలగా ఉంది. ఒకటి తాళం కప్పకుండే కన్నంలా ఉంది, పైన గుండ్రం, కింద చీలిక. మూడు వందల మీటర్ల నుంచి దుర్భిణిలో చూస్తే ఇవన్నీ చుక్కలే. దగ్గరికి వస్తే తెలుస్తుంది, గుండు ముక్కు ముందుపెట్టి రాలేదని, పక్కకు వాలి వచ్చి కాగితాన్ని చీల్చిందని.

చెయ్యి వణికితే గుండు ఎడమకో కుడికో పోతుంది, పైకో కిందికో పోతుంది. పోయిన చోట మాత్రం గుండ్రంగానే దూరుతుంది. చిల్లును కోలగా చేయగల చెయ్యి ఎవరికీ లేదు.

అతను జేబులోంచి కత్తి తీసి తాళం కన్నంలా ఉన్న చిల్లు చుట్టూ చదరంగా కోశాడు.

“అట్ట కోస్తే నా మీదికొస్తుందయ్యా!”

“నా పేరు చెప్పు తాతా. ఇప్పుడే కాదు, దేనికొచ్చినా నా పేరే చెప్పు.”

అతను పైకి వచ్చేసరికి ఎంపికైన ముగ్గురి పట్టిక గోడకు అంటించేశారు. అందులో చెల్లెలి పేరు లేదు. కోచ్ స్టోరు కిటికీ ముందు నిలబడి ఫైల్లో రాస్తున్నాడు. అతను గొంతు పెంచే మనిషి కాదు, రాసేదాన్ని దాచే మనిషీ కాదు. మేస్త్రికి తలకిందులుగానే ఆ వాక్యం చదవడానికి వచ్చింది. చేతి నిలకడ లేదు, శిక్షణ కొనసాగించనక్కర్లేదు. ఆ వాక్యం ఉన్న ఫైలును ఇంకో క్లబ్బు తెరిచి కూడా చూడదు. శుక్రవారం మధ్యాహ్నం ఫైళ్లన్నీ క్లబ్బుల సంఘానికి వెళ్లిపోతాయి. ఆ రోజు బుధవారం.

“మీ ఎండాకాలం రాణి మళ్లీ అంతే మేస్త్రీ,” అన్నాడు కోచ్. “వేసవిలో ప్రాక్టీసుకు నిలబెడితే అందరికంటే ముందుంటుంది. చలికాలంలో పోటీ అనేసరికి చేతులు వణికిపోతాయి. నేను చెయ్యగలిగింది చేశాను. నీ ఎదురుగా రాయడం నాకూ బాగాలేదు.”

చిల్లున్న కాగితం మేస్త్రి జేబులో ఉంది. కొలవకుండా నోరు తెరవడం అతనికి అలవాటు లేదు. “చిత్తం,” అన్నాడు.

కోచ్ వెళ్లాక చెల్లెలు రైఫిల్ తెచ్చింది. జాబితాలో లేనివాళ్లు అదే రోజు స్టోరులో అప్పగించాలి. రేంజ్ గేటు లోపల ఆమె అన్నను అన్నయ్యా అని పిలవదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని చేరిన రోజునే ఇద్దరూ అనుకున్న మాట అది.

“మేస్త్రీగారూ, బోల్టు తీశాను. లోపల తూటా లేదు. చూసుకోండి.”

అతను చూసుకున్నాడు. పుస్తకం ఆమె వైపు తిప్పాడు. ఆమె కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని సంతకం చేసింది. సంతకం గీత కిందికి జారింది. అతను పుస్తకం మూయబోయి పాత పేజీలు తిప్పాడు. రైఫిల్ ఇచ్చిన మొదటి వేసవి, ఇరవై తూటాలకు నూట తొంభై మూడు. చలికాలం, నూట అరవై ఎనిమిది. రెండో వేసవి, నూట ఎనభై నాలుగు. ఈ పొద్దున, నూట యాభై తొమ్మిది. అతని వేలు చలికాలం అంకెల దగ్గరే ఆగింది. వేసవి అంకెల మీద ఆగలేదు.

“వదినకి నేను చెప్తాను,” అంది చెల్లెలు. గేటు వైపు రెండు అడుగులు వేసి ఆగింది. “అన్నయ్యా, నువ్వేం బాధపడకు. చెయ్యి నాది, నువ్వేం చేస్తావు?”

ఆమె వెళ్లాక అతను స్టోరు తలుపు లోపల గడియ పెట్టాడు. రైఫిల్ దిమ్మ విప్పి, బ్యారెల్‌ను చెక్కల మధ్య పెట్టి బిగించాడు.

బ్యారెల్ లోపల మెలిపెట్టిన గాడులుంటాయి. గుండు వాటి వెంట తిరుగుతూ బయటికి వస్తుంది. ఆ తిరుగుడే దాన్ని గాల్లో నిలబెడుతుంది. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందో అది ఆ బ్యారెల్ కొలత. తెలుసుకోవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. సన్నటి కడ్డీ కొనకు తడిగుడ్డ బిగువుగా చుట్టి లోపలికి తోస్తే, గుడ్డ గాడులను పట్టుకుని కడ్డీని తిప్పుతుంది. కడ్డీకి ఒక పక్క చిన్న కాగితపు జెండా అంటిస్తారు. జెండా ఒక చుట్టు తిరిగి మొదటి చోటికి వచ్చేలోగా కడ్డీ ఎంత లోపలికి పోయిందో స్కేలు పెట్టి చూస్తారు.

కాగితం చించి జెండా అంటించాడు. జెండా పైకి ఉండేలా పెట్టి కడ్డీని తోశాడు. ఏడంగుళాలు పోయేసరికి జెండా నేలవైపు తిరిగి ఉంది. ఇంకా తోశాడు. పద్నాలుగు అంగుళాల దగ్గర జెండా పైకి వచ్చింది.

గుడ్డ మార్చి మళ్లీ తోశాడు. పద్నాలుగు.

బ్యారెల్ మెడకు దారంతో కట్టిన ట్యాగు మీద 7 అని ఉంది. రాత అతనిదే. ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత పెట్టేది ఆ క్లబ్బులో అతనొక్కడే.

రెండు వేసవుల కిందట నాలుగు కొత్త బ్యారెళ్లు ఒకే పెట్టెలో వచ్చాయి. వాటి మీద ముద్రలు లేవు. అన్నీ ఏడంగుళాలవేనని పెట్టెలో చీటీ ఉంది. చీటీని నమ్మకుండా కొలవాలనుకున్నాడు. చెల్లెలిది ముందు చేస్తే ఎవరైనా ఏమైనా అంటారని చివర పెట్టాడు. మొదటి మూడింటినీ రెండేసిసార్లు కొలిచాడు, అన్నీ ఏడే. నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి తడికి జెండా ఊడి పడిపోయింది. చెల్లెలు గుమ్మంలో నిలబడి, తొందరగా చూపించండి మేస్త్రీగారూ, పెళ్లికూతురి ముసుగు ఎంతసేపు తీస్తారు అంటోంది. అతను నవ్వుతూ, జెండాకు బదులు కడ్డీ పిడినే గుర్తుగా పెట్టుకుని తోశాడు. పిడి అడ్డకర్ర, రెండు కొమ్ములూ ఒకేలా ఉంటాయి. పైకున్న కొమ్ము కిందికి పోయి కిందున్న కొమ్ము పైకి వచ్చింది. సగం చుట్టు. అతని కంటికి అది పూర్తి చుట్టులా కనిపించింది. చీటీలో ఏడని ఉంది, స్కేలు మీద ఏడు వచ్చింది. ట్యాగు రాసి ముడి వేశాడు. చెల్లెలి దానికి రెండోసారి కొలిస్తే, ఆమె మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టినట్టుంటుందని కొలవలేదు.

ట్యాగును బట్టి గుండు. ఏడంగుళాల బ్యారెళ్లకు పొడుగు గుండు, నాలుగు రైఫిళ్లకూ అదే. రెండు చలికాలాలుగా ఆమె కాల్చిన ప్రతి తూటా ఈ బల్ల మీదే అతని చేతులతో తయారైంది.

గురువారం తెల్లవారగానే రైఫిల్‌ను రేంజ్‌లోని ఇనుప బిగింపులో పెట్టాడు. బిగింపులో మనిషి చెయ్యి తగలదు, దారం లాగితే పేలుతుంది. కోచ్‌కు కబురు పంపి రమ్మన్నాడు. పొడుగు గుండ్లు ఐదు, పొట్టి గుండ్లు ఐదు. రెంటికీ పొడవులో తేడా ఒక మిల్లీమీటరు పైచిలుకు. గాలి లేదు. కాల్చిన పొగ గొట్టం ముందే నిలబడింది.

తాత రెండు అట్టలూ చంకలో పెట్టుకుని తెచ్చాడు. పొడుగు గుండ్ల అట్ట మీద ఐదు కోల చిల్లులు, జానెడు దూరంలో చెదిరి ఉన్నాయి. పొట్టి గుండ్ల అట్ట మీద కోచ్ ఐదు చిల్లుల కోసం వెతికాడు. ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఐదూ ఒకేచోట ఉన్నాయి. మేస్త్రి బొటనవేలు పెడితే మూసుకుపోయాయి.

“ఎంత కొలత ఇది?” అన్నాడు కోచ్.

“పద్నాలుగు.”

“పద్నాలుగుకి పొడుగు గుండు నిలబడదు కదయ్యా.”

“వేసవి ఎండలో గాలి పలచబడుతుంది, అందుకని ఎలాగో నిలబడింది. చలిగాలికి బరువెక్కువ, వాలిపోయింది. పొట్టి గుండు వేసుంటే మన నాలుగింటిలో ఇదే మంచి బ్యారెల్.”

“ట్యాగు ఎవరు రాశారు?”

“నేనే.”

కోచ్ రెండు అట్టలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. తాత ముక్కు తుడుచుకున్నాడు.

“ఎండాకాలం రాణి అన్నాను,” అన్నాడు కోచ్ చివరికి. “పది మందిలో అన్నాను. ఎండ అన్న మాట నా నోట్లోనే ఉంది, బుర్రకి ఎక్కలేదు. తుపాకీ పాఠం అందరికీ చెప్పేది నేనే.” ఫైలు తెరిచి మళ్లీ మూశాడు. “రేపు పొద్దున ఆరున్నర. ఇదే చలి, ఇదే బ్యారెల్, పొట్టి గుండ్లు ఇరవై. నూట ఎనభై ఎనిమిది కావాలి. వస్తే పట్టిక నేనే చింపి మళ్లీ రాస్తాను. నీ సంగతి ఆ తర్వాత.”

“నా సంగతి ఇప్పుడైనా ఫర్వాలేదు.”

“తర్వాత అన్నాను కదా.”

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వదిన పొయ్యి ముందు ఉంది. ఎనిమిది నెలల పాప చాప మీద గరిటెతో నేలను కొడుతోంది. చెల్లెలు పాపకు బారెడు దూరంలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. పాప ఆమె వైపు చేతులు చాచింది.

“ఎత్తుకోవే అత్తా అంటోంది,” అంది వదిన. “ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకు దొరికిన అర్ధమొగుడు పిల్లని కూడా ఎత్తదు.”

“నా చేతుల సంగతి తెలుసు కదా వదినా. జారిపోతే?”

“జారితే చాప మీదే పడుతుంది, అది రబ్బరుబంతి.” వదిన మూడు గ్లాసుల్లో టీ పోసింది. రెండు నిండుగా, మూడోది సగానికి. సగం గ్లాసు చెల్లెలి ముందు పెట్టింది. ఎప్పట్నించి అలా పోస్తోందో ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. చెల్లెలు రెండు చేతులతో పట్టుకుని తాగింది.

మేస్త్రి జేబులోంచి చదరపు కాగితం తీసి గ్లాసు పక్కన పెట్టాడు.

చెల్లెలు దాన్ని తీసుకుని దీపం వెలుగుకు ఎత్తి చూసింది. చూడగానే అర్థం చేసుకునే పాటి పని ఆమెకు తెలుసు. “ఇది ఎవరిది?”

“నీది. నిన్నటిది.”

అతను చెప్పాడు. జెండా, పిడి, ఏడు, పద్నాలుగు, రేపు పొద్దున ఆరున్నర. పని నేర్పేటప్పుడు చెప్పే గొంతుతోనే చెప్పాడు, వేరే గొంతు రాలేదు.

వదినకు సగమే అర్థమైంది. “తెలిసేలా చెప్పండి.”

“బొంగరం తిరుగుతున్నంతసేపే నిలబడుతుంది. పొడుగు బొంగరమైతే ఇంకా గట్టిగా తిప్పాలి. నేను పొడుగు బొంగరం ఇచ్చి, సగం తిరుగుడే ఇచ్చాను.”

“మీరు తాడు సరిగా చుట్టకుండా, బొంగరం విసిరిన పిల్లని వణుకుడు చెయ్యి అన్నారు. అంతేనా?”

“అంతే.”

“ఇది డాక్టరు దగ్గరికి వెళ్లింది. మాత్రలు మింగింది. టీ మానేసి మళ్లీ తాగింది. రోజూ పొద్దున చెయ్యి చాచి దాని మీద కాగితం పెట్టుకుని, కాగితం ఊగుతోందా లేదా అని చూసుకుంటోంది. రెండు చలికాలాలు! మీకు అన్నం ఎలా దిగిందండీ?”

“నాకు తెలియదు కదా.”

“తెలుసుకోవడమే కదా మీ ఉద్యోగం!”

పాప ఏడుపు మొదలుపెట్టింది. వదిన ఎత్తుకుంది. చెల్లెలు కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

“నువ్వు కొలిచిన రోజు నేను గుమ్మంలో ఉన్నాను కదూ,” అంది. “తొందరపెట్టాను. నా మూలంగానేనా?”

“కాదే. నా మూలంగా.”

“జెండా లేదని నేనైనా చూడాల్సింది.”

“అమ్మా తల్లీ, ఇంక ఆపు,” అంది వదిన. “ఈ ఒక్కటైనా నీ నెత్తిన వేసుకోకు. రేపు ఇంకో అవకాశం ఉందంటున్నారు. పడుకో, పో.”

చెల్లెలు నవ్వింది. రెండు చలికాలాలుగా ఆ ఇంట్లో వినపడని నవ్వు. “అయితే నా చెయ్యి మంచిదే అన్నయ్యా?”

“నీ చెయ్యి ఎప్పుడూ మంచిదే.”

అతను ఆ మాట ఆలోచించకుండా అన్నాడు. ఆమె లేచి వెళ్లేటప్పుడు సగం గ్లాసులో అడుగున మిగిలిన టీ చాప మీద ఒలికింది. ఇంత సంతోషానికి ఎవరి చెయ్యైనా ఊగుతుందనుకున్నాడు.

తిరిగి స్టోరుకు వెళ్లి తూటాలు తయారు చేశాడు. ఇరవై. మందు ఒక్కోటీ రెండుసార్లు తూచాడు. ఒక్కో గుండునూ కొలిచి, ఒక్కోదాన్నీ అద్దం మీద దొర్లించి చూశాడు. ట్యాగు తెంపి కొత్తది కట్టాడు. 14.

శుక్రవారం పొద్దున కోచ్ అతన్ని గోతిలోకి పంపాడు. “నువ్వు వెనక నిలబడితే నీ ఊపిరి దానికి వినపడుతుంది. కింద ఉండి ఫోన్లో స్కోరు చెప్పు.”

గోతిలో తాత కుంపటి రాజేసుకుని కూర్చున్నాడు. గోడ పైన కట్టిన జెండాగుడ్డ నిట్టనిలువుగా వేలాడుతోంది. గాలి లేదు.

మొదటి తూటా పేలింది. మేస్త్రి గొలుసు లాగాడు. అట్ట దిగింది. చిల్లు నల్లవలయం అంచున, తొమ్మిదిలో ఉంది. గుండ్రంగా ఉంది. గుండు దూరిన చోట అంచు చుట్టూ బూడిదరంగు గీత, సూదితో గీసినంత సరిగ్గా ఉంది.

“చూశావా! ఒక్కటే చాలింది!” అని తాత అతుకు వేసి, దాని మీద అరచేత్తో చరిచాడు. “నేను చెప్పకపోతే ఈ పిల్ల గతేమయ్యేదయ్యా?”

రెండోది పది. మేస్త్రికి గొలుసు తేలికగా అనిపించింది. మూడోది ఎనిమిది, ఎడమన. నాలుగోది ఎనిమిది, కుడిన. ఐదోది ఏడు, కింద. అన్నీ గుండ్రంగా ఉన్నాయి.

మొదట్లో బెరుకు ఉంటుందనుకున్నాడు. ఆరోది తొమ్మిది. ఏడోది ఏడు. తాత ఒక్కో చిల్లుకూ ఒక్కో అతుకు వేస్తూ, ప్రతిసారీ ఒకటే, ఒకటే అంటున్నాడు. మేస్త్రి జెండాగుడ్డ వైపు చూశాడు. కదల్లేదు. నిన్న ఇదే చలిలో, ఇదే బ్యారెల్, ఇవే గుండ్లు, ఐదూ బొటనవేలి కింద ఇమిడాయి. బ్యారెల్‌ది కాదు. గుండుది కాదు. గాలిది కాదు. ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలేదేదో అతనికి తెలుసు. తెలిసినా ఒక్కో అట్ట దిగేటప్పుడు చిల్లు కోలగా ఉంటే బాగుండునని చూశాడు. ఒక్కటైనా. ఒక్కటీ లేదు.

సగం గ్లాసు గుర్తొచ్చింది. మణికట్టు పట్టుకుని చేసిన సంతకం గుర్తొచ్చింది. తన వేలు ఆగకుండా దాటేసిన అంకె గుర్తొచ్చింది. నూట తొంభై మూడు, నూట ఎనభై నాలుగు. రెండూ గుండు వాలని వేసవివే, అయినా తొమ్మిది తగ్గాయి. మొదట్లో ఆమె చెయ్యి వణకలేదు. వణుకుతోందని ఆమెతో చెప్పారు. ఆమె రోజూ పొద్దున దాన్ని చాచి, అది వణికేదాకా చూసుకుంది.

ఇరవయ్యోది పేలాక ఫోన్ మోగింది.

“ఎంత?” అన్నాడు కోచ్.

“నూట అరవై ఆరు.”

“చిల్లులు?”

“గుండ్రంగా ఉన్నాయి.”

“అన్నీనా?”

“అన్నీ.”

అటువైపు ఫైలు తెరిచిన చప్పుడైంది. “బ్యారెల్ సంగతి ఫైల్లో రాస్తాను. తప్పు స్టోరుది, నాది అని రాస్తాను,” అన్నాడు కోచ్. “కానీ ఆ వాక్యం ఎలా కొట్టెయ్యను మేస్త్రీ? ఇప్పుడే కళ్లారా చూశాను కదా.”

మేస్త్రి ఫోన్ పెట్టేశాడు.

దించి ఉంచిన అట్ట దగ్గరికి తాత జిగురు గిన్నె తెచ్చాడు. చివరి నాలుగు తూటాలూ ఆమె ఆగకుండా కాల్చడంతో వాటికింకా అతుకులు పడలేదు. “ఈ నాలుగూ వేస్తే అయిపోతుంది. ఎంతొచ్చింది? గెలిచిందా?” అని అడిగి, మేస్త్రి ముఖం చూసి, జిగురు గిన్నె అక్కడే పెట్టి కుంపటి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

చెల్లెలు మూడు వందల మీటర్లూ నడిచి వచ్చింది. మెట్లు దిగి అట్ట ముందు నిలబడింది. కాల్చినవాళ్లు గోతిలోకి రావడం ఆ క్లబ్బులో వాడుక లేదు. తన చిల్లులను ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒకదాని అంచు చుట్టూ గోరు తిప్పింది.

“బాగా గుండ్రంగా ఉన్నాయి,” అంది.

“ఆ.”

“ఆ కోల చిల్లులు నీవి. ఇవి నావి. అంతేనా అన్నయ్యా?”

రేంజ్ లోపల ఆమె అతన్ని అలా పిలవడం మూడు రోజుల్లో అది రెండోసారి.

“ఇవీ నావే,” అన్నాడు.

ఆమె స్టూలు మీద కూర్చుని డబ్బాలోంచి ఒక అతుకు తీసుకుంది. జిగురు రాసి చిల్లు దగ్గరికి తెచ్చింది. అతుకు చిల్లుకు ఎడమన ఆగింది, కుడికి వెళ్లింది, దాటిపోయింది. ఎడమ చెయ్యి వచ్చి మణికట్టును పట్టుకుంది. అయినా ఆగలేదు. పట్టుకున్న చెయ్యి కూడా ఊగుతోంది.

మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకోలేదు. అట్ట చట్రాన్ని రెండు చేతులతో అందుకుని, కొద్దికొద్దిగా జరిపి, చిల్లును ఆమె వేలి కిందికి తెచ్చాడు.